కొంగున కట్టిన కార్డు

జానీబీ చిన్నకూతురి పెళ్లికి ఫోటోలు నస్రత్ తీస్తోందన్న మాటను షమీమ్ చెవిన వేసింది ఆమె మొగుడు పీరే. అది తన ఇంట్లో నిప్పు రాజేసే మాటని పాపం అతనికి తెలియదు. ధూళిపాళ్ల నుంచి మిరపకాయల టిక్కీ బస్తాలు తోలి వచ్చి ఆటో కడుక్కుంటూ, ఆ ఊళ్లో ఎవరు కనిపించారో, ఎవరి చేలో కాయ ఎలా ఉందో చెప్పినట్టే అదీ చెప్పాడు.

"జానీబీ అక్క వాళ్ల షమాకు సంబంధం కుదిరిందంట. రంజాన్ దాటాక పెళ్లి. ఆడోళ్ల వైపు ఫోటోలు మన నస్రత్‌కే చెప్పారంట."

"మన నస్రత్ ఏంది? ఎప్పటి నుంచి మనదైంది?" అంది షమీమ్ గడపలోంచే.

"నీ దగ్గర పని నేర్చుకున్న పిల్లే గదా."

"నేర్చుకుంది. నేర్పిన దాని పీటే లాగింది."

పీరు నీళ్ల పైపు పట్టుకుని ఆమె ముఖం చూశాడు. ఇంకో మాటంటే ఆ నీళ్లు తన మీదికే వస్తాయనుకున్నాడో ఏమో, చక్రం వైపు తిరిగి దాన్నే కడిగాడు.

కల్లంలో మిరపకాయలు తిరగేసేటప్పుడు గాలి ఎటు తిరిగితే అటు ముక్కు మండుతుంది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగదు, ముఖం తిప్పుకున్నా ఆగదు. ఆ సాయంత్రం షమీమ్ పరిస్థితి అలాగే ఉంది. జానీబీ పెద్దకూతురు నసీమున్నీసా పెళ్లికి ఫోటోలు తీసింది తను. ఆ ఇంట్లో వండిన సేమ్యా తిన్నది తను. ఆ పిల్ల మెడలో పెద్దవాళ్లు నల్లపూసలు కడుతుంటే వేళ్లు వణక్కుండా తీసింది తను. అలాంటి ఇల్లు, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు ఎలా పోయింది?

సత్తెనపల్లి చుట్టుపక్కల చాలా ముస్లిం ఇళ్లలో పెళ్లినాడు ఆడవాళ్ల గదిలోకి మగ ఫోటోగ్రాఫరు రాడు. గడప దగ్గరే ఆగిపోతాడు. ఆ గడప దాటి లోపలికి వెళ్లే కెమెరా ఒకప్పుడు షమీమ్ ఒక్కదానిదే. ఆమెను అంతగా నమ్మడానికి కారణం ఆమె పెట్టుకున్న ఒక ఆనవాయితీ. పెళ్లి అయ్యాక ల్యాప్‌టాప్ పట్టుకుని ఆ ఇంటికే వెళ్లేది. ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని నచ్చినవి ఎంచేవారు. వాటితో ఆల్బమ్ చేసి, ఇచ్చిన రోజున పెళ్లికూతురి తల్లిని పిలిచి, ఆమె కళ్లముందే ల్యాప్‌టాప్‌లో ఉన్నవన్నీ చెరిపేసేది. తర్వాత కెమెరాలోని మెమరీ కార్డు తీసి, బిస్మిల్లా అని ఆ తల్లి కొంగున పెట్టి ముడి వేసేది.

"ఇక మీ ఆడపిల్లల ముఖాలు మీ ఇంట్లోనే ఉన్నాయి. నా దగ్గర ఏమీ లేదు. రేపు నన్ను అడగొద్దు. నాకూ దీనికీ సంబంధం లేదు" అనేది.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఒక వెలుగు ఉండేది. తల్లులు ఆ ముడిని బంగారం పెట్టినట్టు బీరువాలో పెట్టుకునేవారు.

కార్డులో ఆమె పెట్టేవి అసలు ఫైళ్లు. రా (RAW) ఫైళ్లంటారు వాటిని. పని నేర్పేటప్పుడు షమీమ్ నస్రత్‌కు చెప్పిన లెక్కన, మామూలుగా ఫోన్లలో చూసుకునే ఫోటో దంచిన కారం లాంటిది. రా ఫైలు ఎండుమిరపకాయ. కాయ చేతిలో ఉంటే రేపైనా, పదేళ్లకైనా మనకు కావలసినట్టు దంచుకోవచ్చు. దంచిన కారాన్ని మళ్లీ కాయ చెయ్యలేం. ఇచ్చేదేదో నిజాయితీగా ఇవ్వాలని షమీమ్ కాయే ఇచ్చేది. అయితే ఆ కాయకు కెమెరా కంపెనీ ఒక తొడుగు వేస్తుందనీ, ఒక్కో కంపెనీ తొడుగు ఒక్కో రకమనీ, అది విప్పే విద్య ఆ కంపెనీ దగ్గరే ఉంటుందనీ ఆమెకు తెలుసు గానీ, దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంట్లో తాళం బాగా తిరుగుతున్నన్నాళ్లు తాళాల గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఆ వారంలోనే నస్రత్ వచ్చింది. స్కూటీ ఆపి, బుర్ఖా సర్దుకుని, భుజాన కొత్త కెమెరా సంచితో లోపలికి వచ్చింది. షమీమ్ కళ్లు ముందు ఆ సంచి మీదే పడ్డాయి.

"సలాం అక్కా. ఏంది, చిక్కిపోయావు?"

"వాలేకుం సలాం. పని ఉన్నోళ్లు ఒళ్లు చేస్తారు, లేనోళ్లు చిక్కుతారు. కూర్చో."

నస్రత్‌కు ఆ దెప్పు తగిలింది. తగలనట్టే కూర్చుని, చేతి సంచిలోంచి ఒక రుమాలు తీసి ముడి విప్పింది. లోపల మెమరీ కార్డు. దాని మీద మార్కరుతో గీసిన చిన్న నెలవంక. అది షమీమ్ తన చేత్తో గీసిందే.

"జానీబీ పిన్ని వాళ్లది అక్కా, నసీమున్నీసా పెళ్లిది. మొన్న తుఫానుకు గోడ కారి బీరువాలోకి నీళ్లొచ్చినయ్యంట. ఆల్బమ్ తడిసి పేజీలన్నీ అంటుకుపోయినయ్. విడదీస్తే ముఖాలు ఊడొస్తున్నయ్. ఆ పిల్ల ఒకటే ఏడుపు."

"అయితే నీ దగ్గరికి ఎందుకు తెచ్చింది? నా ఇల్లు తెలీదా?"

"నన్ను అడగొద్దని నువ్వే అన్నావంట గదక్కా, ముడి వేసేటప్పుడు. అందుకని సిగ్గుపడింది."

షమీమ్ లేచి టీ పెట్టడానికి వెళ్లింది. స్టవ్ మీద పాలు పొంగేదాకా చూస్తూ నిలబడింది.

నస్రత్ వంటింటి గడప దగ్గరికి వచ్చి చెప్పుకుంటూ పోయింది. "నా దగ్గరున్న సాఫ్ట్‌వేర్ నా కెమెరా కంపెనీది. అది నీ కెమెరా ఫైళ్ల ముఖం కూడా చూడదు. గుంటూరు బ్రాడీపేటలో ఒకాయన దగ్గరికి తీసుకుపోయి, పక్కనే కూర్చుని, మనుషులు లేని మండపం ఫోటో ఒక్కటి తెరిపించా. తెరుచుకుంది గానీ ఎర్ర తెర ఇటుక రంగులో వచ్చింది. నీ కెమెరా కంపెనీ రంగుల లెక్క బయటికి చెప్పలేదంట, ఆయన ఏదో ఊహించి తెరుస్తాడంట. సరిచేస్తా, కార్డు ఒక పూట వదిలిపెట్టమన్నాడు. ఆడోళ్ల ఫోటోలు గదా, ఎట్టా వదిలేది? తీసుకొచ్చేశా."

"మంచి పని చేశావు" అంది షమీమ్. మనసులో మాత్రం, ఎర్ర తెర ఇటుక రంగులో వచ్చిందన్న మాట పానకంలా దిగింది.

"నాకు ఒకటి అర్థం కాదక్కా. ఫోన్లన్నిటికీ ఒకే రకం ఛార్జర్ వస్తోంది. కెమెరాల వాళ్లు అందరూ కలిసి ఒకే రకం ఫైలు పెట్టుకోవచ్చుగా? అట్టాంటిది ఒకటి ఉందంట కూడా. కొన్ని కంపెనీలు ఒప్పుకున్నయ్యంట, పెద్దోళ్లు ఒప్పుకోరంట."

"ఎందుకు ఒప్పుకుంటారు? నా బిర్యానీ మసాలా నలుగురికీ చెప్తానా నేను? వాళ్ల విద్య వాళ్లది. చెప్తే పక్కోడు నేర్చుకుని, వాళ్ల పెళ్లిళ్లే ఎత్తుకుపోతాడు."

చివరి మాట ఎవరికో ఇద్దరికీ తెలుసు. నస్రత్ అందుకున్న టీ గ్లాసు తిప్పుతూ అంది.

"మసాలా చెప్పొద్దక్కా. గిన్నె మీద మూత తీయనిస్తే చాలు. లోపలున్న కూడు మనది గదా. పిల్ల మనది, పెళ్లి మనది, తీసిన చెయ్యి మనది. మూత ఒక్కటీ వాళ్లది. ఆ మూత పెట్టినోళ్లేమో కెమెరాలు చెయ్యడమే మానేసిరి. వాళ్ల సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్లలో ఎక్కను కూడా ఎక్కదు. నా కొత్తదీ అంతే, దాని తాళం దానిదే. పదేళ్లకు నా గతీ ఇంతే."

ఇది విని షమీమ్‌కు కొంచెం హాయిగా అనిపించింది. అనిపించినందుకు కొంచెం సిగ్గూ వేసింది. సిగ్గు నిలవలేదు.

"నీ పాత ల్యాప్‌టాప్ ఉంది గదక్కా, దాంట్లో అయితే తెరుచుకుంటది" అంది నస్రత్.

షమీమ్ ఆలోచించకుండానే అంది. "అదెక్కడిది? పాత సామాన్లవాడికి వేసేశా."

నస్రత్ ముఖం చిన్నబోయింది. "అయ్యో" అంది. కార్డును మళ్లీ రుమాల్లో కట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "దువా చెయ్యి అక్కా" అని వెళ్లిపోయింది.

ల్యాప్‌టాప్ లోపలి గదిలో బీరువా మీద, దుప్పటి కింద ఉంది.

అసర్ నమాజు వేళయింది. షమీమ్ నీళ్లతో వజూ చేసుకుని, నమాజు చాప ముసల్లా పరిచింది. సజ్దాలో నుదురు నేలకు ఆనించినప్పుడు కూడా ఆమెకు బీరువా పైభాగమే కనిపించింది. అబద్ధం చెప్పిన నోటితో అల్లా పేరు ఎత్తుతున్నానని తెలుస్తూనే ఉంది. అయినా, నేను తీయాల్సిన పెళ్లి దానికి పోయింది, నేను ఆడిన అబద్ధం ఒక్క మాట, ఏది పెద్దది అని మనసు వాదిస్తోంది. మనసుకు ప్లీడరు పని ఎవరు నేర్పారో గానీ, మన తరఫున వాదించేటప్పుడు అది ఎప్పుడూ అలసిపోదు.

నమాజు అయ్యాక ల్యాప్‌టాప్ దించింది. బ్యాటరీ ఎప్పుడో పోయింది, వైరు పెడితేనే బతుకుతుంది. వెలిగింది. లోపలి ఫ్యాను జొన్నలు ఆడే మిల్లులా మోత పెట్టింది. పాత సాఫ్ట్‌వేర్ ఉంది. అప్పుడామెకు ఒక ఆలోచన వచ్చింది. నస్రత్‌కు చేతకానిది తను వెళ్లి చేసి చూపిస్తే? ఆడవాళ్లందరి ముందు తెరిచి చూపిస్తే? ఎవరు ఎవరో జానీబీకి అప్పుడు తెలుస్తుంది. షమా పెళ్లి ఎవరు తీయాలో కూడా తెలుస్తుంది.

మర్నాడు పీరు ఆటోలోనే ధూళిపాళ్ల వెళ్లింది. దారి పొడుగునా కల్లాల్లో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుంది.

"నిన్న నస్రత్ ఎందుకొచ్చింది?" అడిగాడు పీరు అద్దంలోంచి.

"ఊరికే."

"ఊరికే వచ్చిన మనిషికి ఊరికే టీ పోసి పంపావా?"

"నువ్వు రోడ్డు చూడు."

జానీబీ ఆమెను చూసి ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. "నువ్వొచ్చావా తల్లీ! నిన్ను అడగాలంటే నోరు రాలా. నువ్వేమో కార్డు ఇచ్చేటప్పుడే ఖుదాను సాక్షిగా పెట్టి అడగొద్దంటివి."

"ఆ మాట ఫోటోలు నా దగ్గర లేవని చెప్పడానికి అన్నా అక్కా, నా దగ్గరికి రావొద్దని కాదు" అంది షమీమ్. ఆ తేడా ఆమెకే అప్పుడు తెలిసింది. "కార్డు తెండి, తెరుస్తా."

"కార్డు నస్రత్ దగ్గరే ఉంది. ఉండు, పిలుస్తా. ఈ ఊళ్లోనే ఉంది, షమాకు రవికలు కుట్టే దగ్గరికి తోడు పోయింది."

నస్రత్ నిన్ననే కార్డు తిరిగిచ్చేసి ఉంటుందనుకుంది షమీమ్, ఈ సంగతి ఆమె లెక్కలో లేదు. వద్దని చెప్పడానికి కారణం దొరికేలోపే జానీబీ ఫోన్ చేసేసింది. ఆమె ఫోన్ పెట్టి టీకి నీళ్లు పెట్టేలోపే స్కూటీ చప్పుడు వినపడింది.

నస్రత్ లోపలికి వచ్చింది. బల్ల మీద ల్యాప్‌టాప్ కనిపించింది. దాన్ని చూసింది, షమీమ్‌ను చూసింది. షమీమ్‌కు నిన్నటి అబద్ధం గుర్తొచ్చింది. పాత సామాన్లవాడు తిరిగి తెచ్చిచ్చాడా అక్కా అంటుంది ఇప్పుడు, ఇంతమంది ముందు. అనాలి కూడా. తనైతే అనేది.

"తెచ్చావా అక్కా! నిన్న నేనే బతిమాలా పిన్నీ, వెతికి చూడమని. అటకంతా వెతికినట్టుంది పాపం" అంది నస్రత్.

అని, రుమాలు విప్పి కార్డు షమీమ్ చేతిలో పెట్టింది.

షమీమ్ మంట చల్లారలేదు. ఇంకా ఎగిసింది. కెమెరా కొత్తది దానిది. వయసు దానిది. ఇల్లు దానిదైంది. ఆఖరికి మంచితనం కూడా అదే ముందు తీసేసుకుంటే తనకు మిగిలేదేంది? ఒకరి కలిమిని చూసి ఓర్వలేకపోవడం అందరికీ తెలిసిందే. ఒకరి మంచిని చూసి ఓర్వలేకపోతే ఆ మనిషి ఎక్కడికి పోయి కడుక్కోవాలి?

కార్డు పెట్టింది. ఫ్యాను మోత పెట్టింది. తెర మీద గళ్లు గళ్లుగా నల్లగా వచ్చి, ఒక్కో గడిలో రంగు నిండుకుంటూ వచ్చింది. ఎర్ర తెర ఎర్రగానే వచ్చింది. నసీమున్నీసా చేతుల గోరింటాకు గోరింటాకు రంగులోనే వచ్చింది. ఆ పిల్ల కబురు విని పక్క వీధిలోని అత్తగారింటి నుంచి పరుగున వచ్చి, తెర ముందు చతికిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆల్బమ్‌కు ఎంచని ఫోటోలూ వచ్చాయి. ఒకదాంట్లో జానీబీ తల మీద కొంగు జారిపోయి, నోటినిండా లడ్డూతో, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. అప్పట్లో "ఛీ, ఇది వద్దు" అని జానీబీయే ఆల్బమ్‌లోంచి తీసేయించింది.

"అబ్బ, ఎంత నవ్వానో చూడండే! ఇట్టా నేనెప్పుడు నవ్వానే?" అంది జానీబీ తెరకు వేలు ఆనించి. "ఇది పెద్దగా చేయించు తల్లీ. మా లోపలి గదిలో పెట్టుకుంటా, మగోళ్లు రాని చోట."

అందరూ నవ్వారు. జానీబీ షమీమ్ తల నిమిరింది. "నీ చెయ్యి చెయ్యే. షమా పెళ్లి కూడా నువ్వే తియ్యి. నస్రత్ మన పిల్లే, ఏమీ అనుకోదు."

ఈ మాట వినడానికే షమీమ్ ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని వచ్చింది. వినబడింది. నస్రత్ తల వంచుకుని బుర్ఖా అంచు సర్దుకుంటోంది. ఏమీ అనుకోదన్నారు కాబట్టి ఏమీ అనడం లేదు.

అంతలో తెర నల్లబడింది. ఎవరి కాలో వైరుకు తగిలింది. ఆడవాళ్లంతా ఒక్కసారి "హాయ్ అల్లా" అన్నారు. వైరు మళ్లీ పెట్టారు. వెంటనే వెలగలేదు. షమీమ్ మీట నొక్కింది, మళ్లీ నొక్కింది. ఆ కాసేపట్లో ఆమెకు తన ఆనవాయితీ అంతా కళ్లముందు తిరిగింది. నరసరావుపేటలో, పిడుగురాళ్లలో, చిలకలూరిపేటలో, ఎన్ని ఇళ్లలో ఎంతమంది తల్లుల బీరువాల్లో నెలవంక గీసిన కార్డులున్నాయి! మీ పిల్లల ముఖాలు మీ ఇంట్లోనే ఉన్నాయని ఎంత గొప్పగా చెప్పింది! ఉన్నవి కార్డులే. ముఖాలన్నిటికీ తాళంచెవి ఈ ముసలి డబ్బాలోనే ఉంది. ఇది ఇప్పుడు వెలగకపోతే ఇటుక రంగు పెళ్లికూతుళ్లే మిగులుతారు. కంపెనీ తెలిసి చేసిందో తెలియక చేసిందో, తను మాత్రం నిన్న తెలిసే దీన్ని దుప్పటి కిందే ఉంచింది.

వెలిగింది. ఫ్యాను మోత ఇంత తియ్యగా ఉంటుందని ఆమెకు ఎప్పుడూ తెలియదు.

"ఇంకోసారి చూసుకోవాలంటే ఎట్టా తల్లీ? నువ్వే రావాలా?" అంది జానీబీ గుండె మీద చెయ్యి పెట్టుకుని.

అవునక్కా, నేనే రావాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత బాగుండేది ఆ మాట! ప్రతి ఇంటికీ తనే కావాలి, తను లేకపోతే తలుపు తెరుచుకోదు. కెమెరా కంపెనీ వాళ్లూ ఒకప్పుడు సరిగ్గా ఇలాగే అనుకుని ఉంటారు.

"నస్రత్" అంది, ఆమె వైపు చూడకుండా. "అందరూ తెరిచేట్టు మార్చాలంటే ఎట్టా?"

"నీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండి ఉంటదక్కా. చూడనిస్తావా?"

ఆ ల్యాప్‌టాప్ మీద ఇంతవరకు ఇంకొకరి వేలు పడలేదు. షమీమ్ పక్కకు జరిగింది. నస్రత్ కూర్చుంది. మూలన ఉన్న ఒక మెనూ తీసింది, దాంట్లో ఇంకోటి తీసింది. షమీమ్ ఇన్నేళ్లూ ఆ మూలకే వెళ్లలేదు.

"ఇదిగో. ఇట్టా బయటికి తీస్తే ఏ కంప్యూటరైనా తెరుస్తది. ఇది కాయ కాదు, దంచినట్టే. కానీ జల్లెడ పట్టని కారం అనుకో. రంగు చెడదు. ఫైళ్లు మాత్రం బాగా పెద్దవైతయ్. నా దగ్గర హార్డ్ డిస్కు ఉంది, దాంట్లోకి తీసి పిన్నికిచ్చేద్దాం. కాయలూ ఉంచుకుందాం, ఎప్పటికైనా కంపెనీ వాళ్ల మనసు మారి మూత తీస్తారేమో."

దాని వేళ్లు ఎంత చకచకా తిరుగుతున్నాయో! షమీమ్ చూస్తూనే ఉంది, మండుతూనే ఉంది. అయినా జానీబీ వైపు తిరిగి అంది. "షమా పెళ్లి దానికే మాటిచ్చారు గదక్కా. మాట మాటే. నేను దావతుకొస్తా. లడ్డూ నోట్లో పెట్టుకుని నవ్వుతా, అది తీస్తది."

"నిజంగానా?" అంది జానీబీ.

"బాగా రాకపోతే మాత్రం అందరి ముందే చెప్తా."

నస్రత్ తెర మీంచి కళ్లు తిప్పకుండానే నవ్వింది. "చెప్పకుండా ఎట్టా ఉంటావులే అక్కా."

అన్నీ బయటికి వచ్చేసరికి పొద్దు వాలింది. నస్రత్ డిస్కును తన సంచిలోని ల్యాప్‌టాప్‌కు పెట్టి, తెరుచుకున్నాయని చూపించింది. షమీమ్ కార్డూ, డిస్కూ రెండూ కలిపి జానీబీ కొంగున పెట్టింది. బిస్మిల్లా అంది. ముడి వేస్తూ అలవాటు కొద్దీ "రేపు నన్ను అడగొద్దు..." అని మొదలుపెట్టి ఆగింది.

"ఏదన్నా అయితే అడగండి. ఇద్దరం ఉన్నాం" అంది.

పీరు ఇంకో కిరాయికి మిర్చి యార్డుకు వెళ్లిపోయాడు. నస్రత్ స్కూటీ తీసింది. "ఎక్కక్కా. వచ్చేవారం నరసరావుపేట ఇళ్లకు పోదామా? నీ ల్యాప్‌టాప్ బతికుండగానే."

"దాని ఆయుష్షు సంగతి నీకెందుకు? పోదాం." కాసేపాగి అంది. "నిన్న నేను..."

"ల్యాప్‌టాప్ కాళ్ల దగ్గర పెడదాం. ఈ సంచి నువ్వు పట్టుకో" అంది నస్రత్, కొత్త కెమెరా సంచి అందిస్తూ.

షమీమ్ వెనక కూర్చుని సంచిని ఒళ్లో పెట్టుకుంది. అది ఆమె కెమెరాలో సగం బరువు కూడా లేదు. ఇంత తేలికైనది మోస్తే ఏ మెడ మాత్రం నొప్పి పెడుతుంది అనుకుంది. దానికీ కుళ్లుకుంది. కల్లాల మీంచి ఘాటు గాలి వచ్చి ఇద్దరికీ కళ్లు మండాయి. ఊరి చివర స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడు మాత్రం, సంచిని రెండు చేతులా గట్టిగా గుండెకు హత్తుకుని పట్టుకుంది.